ట్రంకుపెట్టె పండగ

మా పేటలో పిల్లలు కాలేజీకి వెళ్తుంటే ట్రంకుపెట్టె పండగ చేస్తారు. ముందుగదిలో మూత తెరిచిన ట్రంకుపెట్టె ఒకటి పెడతారు. వచ్చినవాళ్లు దుప్పటో, దిండో, ఇస్త్రీపెట్టో తెచ్చి అందులో వేస్తారు. తృప్తిగా తిని, పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్తారు. చికాగోలో మా దక్షిణపు వీధుల్లో పెళ్లికి రానివాళ్లు కూడా ఈ పండక్కి వస్తారు. పెళ్లి ఎవరైనా చేసుకుంటారు, కాలేజీకి అందరూ వెళ్లరు కదా.

నా పండగ జూలై ఆఖరి శనివారం. ముందురోజు మధ్యాహ్నం కాలేజీ నుంచి ఫోనొచ్చింది.

అది టెన్నెసీలో ఉంది. మా నల్లపిల్లల కోసం మా పాతతరం వాళ్లు ఇటుక ఇటుకా పేర్చి కట్టుకున్న కాలేజీ. నా మార్కులు చూసి వాళ్లిచ్చిందీ, సర్కారు ఇచ్చిందీ, నా పేరున పుట్టిన అప్పూ పోను ఇంకా కొంత తక్కువైంది. ఆ తక్కువైనదానికి కన్నవాళ్ల పేరున అప్పిస్తారు. నాన్న మా ఇంట్లో ఎప్పుడూ లేడు కనుక అమ్మ పేరున అడిగాం. అమ్మమ్మ పోయినప్పుడు ఆసుపత్రికి కట్టలేకపోయిన బాకీ అమ్మ పేరు మీద ఇంకా ఉందట. అందుకని ఇవ్వం అన్నారు.

అమ్మ ఫోను పెట్టేసి చేతులు మళ్లీ కోడిముక్కల గిన్నెలో పెట్టింది. అమ్మ పేరు లవర్న్. పిల్లల బడిలో వంట చేస్తుంది. వేసవిలో బడి ఉండదు, జీతమూ ఉండదు.

"పండగ ఆపేద్దామా అమ్మా?" అన్నాను.

"ఆపి ఏమని చెప్పనే? పాస్టరుగారు గుడిలో అందరి ముందూ చెప్పేశారు. కోడి మజ్జిగలో మునిగుంది. మా మొహం చూసి ఎవరూ అప్పివ్వలేదు, తిరిగెళ్లండి అని మెట్ల మీద నిలబడి చెప్పనా?"

"మరి అందరి దగ్గరా వస్తువులు తీసుకుని..."

"సెప్టెంబరు రెండో శుక్రవారం లోపు డబ్బు సంగతి తేలిస్తే చేరొచ్చు అన్నారుగా! ఈలోపు బడి తెరుస్తారు. మా ఉద్యోగుల సంఘంలో అప్పు అడుగుతా. ఏదో ఒకటి అవుతుంది. నువ్వు నోరు మూసుకుని ఆ క్యాబేజీ తరుగు, నడీన్."

తరిగాను. ఆలూ లేదు చూలూ లేదు, పండగ మాత్రం ఘనంగా జరిగింది. రెండో అంతస్తులో మా మూడు గదుల ఇంట్లో మనుషులు పట్టక వెనక మెట్ల మీద కూర్చుని తిన్నారు. మిసెస్ హాలొవే చిన్న ఫ్రిజ్జు ఒకటి మనుషుల చేత మోయించి తెచ్చింది. వాళ్లకి శవపేటికల దుకాణాలు ఉన్నాయి. మా పేటలో ఎవరు ఎంత ఎగిరినా చివరికి వాళ్ల గుమ్మంలోకే వెళ్లాలి కనుక వాళ్ల వ్యాపారానికి ఏనాడూ ఢోకా లేదు. వాళ్లబ్బాయి ప్రెంటిస్ నా క్లాసే. మంచివాడు. వాడికి లెక్కలు నేనే చెప్పేదాన్ని, అయినా అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. వాడి కాలేజీ ఒహాయోలో, సెప్టెంబరు మధ్యలో మొదలవుతుంది.

మా గుడిలో అందరికంటే పెద్దావిడ పెటిగ్రూ మామ్మ. ఆవిడ తువ్వాళ్ల జత తెచ్చింది, గులాబీ రంగువి. పెట్టెలో తనే సర్ది, నా గడ్డం పట్టుకుంది.

"ఎంత చదివినా మెడ వెనక తోముకోవడం మర్చిపోకే పిల్లా. చదువుకున్నవాళ్లు ముందు అదే మర్చిపోతారు."

అందరూ నవ్వారు. తర్వాత నన్ను పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టి చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. నేను తల ఎత్తలేదు. పిల్లకి ఎంత భక్తో అనుకున్నారు. నేల చీలితే బావుండు, ట్రంకుపెట్టెతో సహా కిందింటి వాళ్ల మంచం మీద పడతాను అనుకున్నాను నేను.

అందరూ వెళ్లాక గిన్నెలు కడుగుతూ అడిగాను. "పాస్టరుగారితో ఒక్క మాట చెబితే కానుకల పళ్లెం తిప్పుతారు కదమ్మా? వీళ్లంతా మనవాళ్లే."

అమ్మ గిన్నె ఠపీమని పెట్టింది. "మీ అమ్మమ్మని పూడ్చడానికి ఒకసారి తిప్పారు. ఆ తర్వాత నేను ఆదివారం కొత్త టోపీ పెట్టుకున్నానా, మా డబ్బులు నీ నెత్తి మీద బాగా కుదిరాయి లవర్నూ అన్నట్టు చూసేవాళ్లు. ఎన్నేళ్లు చూశారో తెలుసా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందే. వద్దు."

ఆగస్టు మధ్యలో నేను బయల్దేరాల్సిన రోజు వచ్చింది, వెళ్లింది. ఆ ఆదివారం గుడికి వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు. తలనొప్పి అని పడుకున్నాను. అమ్మ ఒక్కతే వెళ్లింది. తిరిగొచ్చి, టోపీ తియ్యకుండానే మంచం అంచున కూర్చుంది.

"పాస్టరుగారు గుమ్మంలో చెయ్యి కలిపి, పిల్ల క్షేమంగా చేరిందా సిస్టర్ అన్నారు. వెనక ఇరవై మంది ఉన్నారు."

"నువ్వేమన్నావు?"

"దేవుడి దయవల్ల చేరింది అన్నాను."

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నోరు జారింది, అంతే. అబద్ధమాడాలని మేం కూర్చుని అనుకున్నది కాదు. కానీ ఆ మాట అన్నాక నేను ఇంక వీధిలో కనబడటానికి లేకుండా పోయింది.

"కొన్నాళ్లేలే," అంది అమ్మ. "డబ్బు రాగానే బస్సెక్కేస్తావు. అప్పుడు అది అబద్ధం ఎలా అవుతుంది? కాస్త ముందు చెప్పిన నిజం అవుతుంది."

అలా మా ఇంట్లోనే నన్ను దాచిపెట్టింది మా అమ్మ. కిటికీల తెరలు దించేశాం. కిందింట్లో ఉండే బ్రదర్ మాంట్‌గోమరీ గుడి పాటల బృందంలో పాడతాడు, చెవులు మహా చురుకు. అందుకని నేను చెప్పులు లేకుండా గోడ పక్కగా నడిచేదాన్ని. అమ్మ బడికి వెళ్లాక టీవీ పెట్టకూడదు, ఫోను ఎత్తకూడదు, కుళాయి జోరుగా తిప్పకూడదు. దొడ్డికి వెళ్తే నీళ్లు కొట్టకూడదు, అమ్మ వచ్చాక కొట్టాలి. పద్దెనిమిదేళ్ల దాన్ని, బడిలో మొదటి వరసలో కూర్చున్నదాన్ని, కమోడు మూత వేసి సాయంత్రం దాకా అమ్మ కోసం ఎదురుచూసేదాన్ని. ఆ సిగ్గు ఎవరికీ చెప్పుకునేది కాదు.

గుడిలో ఆడవాళ్లు ఊరుకోలేదు. హాస్టల్ ఫోన్ నంబరు అడిగారు. ఇంకా కలపలేదంది అమ్మ. చిరునామా ఇమ్మన్నారు, కుకీలు చేసి పంపుతారట. అక్కడ ఎలుకలున్నాయి, తిండి సామాను పంపొద్దన్నారంది. ఒక అబద్ధానికి కూడు పెట్టాలంటే ఇంకో నాలుగు వండాలి. అమ్మ పెద్ద వంటల మనిషి కదా, వండింది. ఇంటికొచ్చి నాకు వడ్డించేది.

"నీ గదిలో ఇంకో పిల్ల ఉంది. జార్జియా పిల్ల," అంది ఒక సాయంత్రం చిక్కుడుగింజలు కలుపుతూ.

"పేరేంటి?"

"పేరెవరూ అడగలేదు. గురక పెడుతుందన్నాను."

"గురక ఎందుకమ్మా? పాపం. బైబిలు చదువుతుందని చెప్పు."

"బైబిలు చదివితే ఎవరూ నమ్మరే. గురక అంటే అందరూ అయ్యో అన్నారు. మిసెస్ హాలొవే అయితే చెవుల్లో దూది పెట్టుకోమను అంది."

"రసాయన శాస్త్రం కష్టంగా ఉందని చెప్పావా?"

"చెప్పలేదే! రేపు చెప్తా. మేష్టారు ఎలాంటివాడు?"

"పొట్టివాడు. కోపిష్టి. నేనంటే ఇష్టం."

ఇద్దరం గట్టిగా నవ్వాం. కిందింటాయన గుర్తొచ్చి అమ్మ నా నోరు మూసింది. చెయ్యి తీశాక ఇద్దరం పళ్లెంలోకి చూస్తూ తిన్నాం. నేను వెళ్లని చోట నా బతుకు అంత చక్కగా సాగుతోంది. ఆ పిల్లంటే నాకు కుళ్లు పుట్టేది. దానికి నా పేరు, నా మార్కులు, గురకపెట్టే స్నేహితురాలు. నాకు దించిన తెరలు.

ఆ శుక్రవారం వచ్చింది. కాలేజీ ఆఫీసు మూసేలోపు డబ్బు సంగతి చెప్పాలి. అమ్మ బడి నుంచి తిన్నగా ఉద్యోగుల సంఘానికి వెళ్లొస్తానంది. నేను మంచం మీద కూర్చుని వీధి తలుపు చప్పుడు కోసం వింటున్నాను. అమ్మ మామూలు కంటే ఆలస్యంగా వచ్చింది. చేతిలో రొట్టె, పాలు ఉన్నాయి. పాలు ఫ్రిజ్జులో పెట్టింది. రొట్టె డబ్బాలో పెట్టింది.

"గుడ్లు తేవడం మర్చిపోయా," అంది.

సరే అన్నాను. కాలేజీ సంగతి అక్కడితో అయిపోయింది.

మర్నాడు ప్రెంటిస్ ట్రంకుపెట్టె పండగ. వెళ్లకపోతే బావుండదు. ఉత్త చేతులతో వెళ్తే అసలే బావుండదు. హాలొవేలు ఫ్రిజ్జు ఇచ్చినవాళ్లు. పొద్దున్నే అమ్మ నా ట్రంకుపెట్టె ముందు నిలబడింది. గులాబీ రంగు తువ్వాళ్ల జత తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, రంగుకాగితంలో చుట్టింది.

"మగపిల్లాడికి గులాబీ రంగేంటమ్మా?" అన్నాను. అసలు అనాల్సిన మాట అది కాదు.

"తుడుచుకునేటప్పుడు రంగెవడు చూస్తాడు," అంది, నా వైపు చూడకుండా.

సాయంత్రం తిరిగొచ్చి వంటింట్లో బల్ల దగ్గర కూలబడింది. ఆదివారపు జోళ్లు విప్పుతూ చెప్పింది. హాలొవేల ఇంట్లో కానుకలు అందరి ముందూ విప్పుతారట. ప్రెంటిస్ ఒక్కొక్కటి విప్పి పెటిగ్రూ మామ్మకి అందిస్తుంటే, ఆవిడ అందరికీ చూపించి పెట్టెలో సర్దుతోందట. తువ్వాళ్లు విప్పాడు. మామ్మ మడత తీసింది. పెద్ద తువ్వాలు లోపల మొహం తుడుచుకునే చిన్న గుడ్డ ఉంది. దాని అంచున ఎర్రదారంతో పేరు కుట్టి ఉంది. హాస్టల్లో పదిమంది బట్టలు కలిసిపోతాయని మామ్మ తనే కుట్టిందట.

"నీ పేరే నడీన్. నేను పెద్దవి చూశా గానీ లోపలిది చూడలేదు."

"మామ్మ ఏమంది?"

"గబుక్కున మడతపెట్టేసింది. లవర్న్ ఎంత మెత్తటి తువ్వాళ్లు తెచ్చిందో చూడండర్రా అంది. పెట్టెలో అడుక్కి తోసేసింది." అమ్మ జోడు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "తిట్టినా బావుండేదే. అందరి ముందూ నన్ను మెచ్చుకుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ మీద కోపం వచ్చింది, మామ్మ మీద వచ్చింది, ఆ ఎర్రదారం మీద వచ్చింది. ఎవరి మీదా నిలవలేదు.

మర్నాడు గుడి అయ్యాక మా తలుపు తట్టారు. "లవర్నూ, నేనే. ఈ మెట్లు నన్ను చంపేస్తాయే."

అమ్మ చెయ్యి ఊపింది. నేను పరిగెత్తి స్నానాలగదిలో స్నానపు తొట్టెలో నిలబడి తెర లాక్కున్నాను. ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. కాసేపు గుడి మాటలు, ఎండ మాటలు నడిచాయి. మామ్మ తువ్వాళ్ల ఊసెత్తలేదు.

"సరే గానీ, ఒకసారి లోపలికి వెళ్లొస్తా," అంది.

"అయ్యో, నీళ్లు రావట్లేదు మామ్మగారూ, పాడైంది."

"ఈ వయసులో నీళ్లొచ్చేదాకా ఆగలేనమ్మా."

చేతికర్ర చప్పుడు దగ్గరికొచ్చింది. తలుపు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది. మామ్మ కమోడు మూత మీద కూర్చుంది. తెర అవతల ఆవిడ ఆయాసం వినబడుతోంది. నేను ఊపిరి బిగబట్టాను.

"నడీన్," అంది చిన్నగా. "కాలేజీ బావుందా?"

నాకు అప్పుడేం పట్టిందో ఇప్పటికీ తెలియదు. "బావుంది మామ్మా," అన్నాను తెర వెనకనుంచి.

"నీ గదిలో పిల్ల గురక పెడుతుందటగా?"

"పెడుతుంది."

"నిద్ర పడుతోందా మరి?"

ఇక నా వల్ల కాలేదు. తొట్టెలో చతికిలబడి ఏడ్చాను. మామ్మ తెర తియ్యలేదు. తియ్యనందుకు ఆవిడకి ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను. కర్ర కింద పెట్టి, తెర మీదనుంచే నా తల వెతుక్కుని చెయ్యి వేసింది.

"ఎంతకి ఆగిపోయిందే?" అంది. చెప్పాను. "ఎప్పటిదాకా గడువు?"

"మొన్న శుక్రవారం."

"మొన్నటి శుక్రవారమా!" ఆ గొంతు ఇంక నా కోసం కాదు, తలుపు అవతల నిలబడ్డ అమ్మ కోసం లేచింది. "లవర్నూ! నాలుగు వారాలు ఆ గుడిలో నా పక్కన కూర్చున్నావే! గురక గురించి చెప్పావు, ఎలుకల గురించి చెప్పావు. ఇది చెప్పలేకపోయావా? సరిపడా వచ్చేదో రాదో దేవుడికెరుక. అడిగి లేదనిపించుకోవాల్సింది కదే!"

తలుపు అవతలనుంచి అమ్మ అంది. "లేదనిపించుకునీ అనిపించుకునీ అలిసిపోయాను మామ్మగారూ."

మామ్మ చెయ్యి నా తల మీదే ఉంది. చాలాసేపు ముగ్గురం అలాగే ఉన్నాం, తెర ఇవతల నేను, అవతల ఆవిడ, తలుపు అవతల అమ్మ.

ఆ తర్వాతి ఆదివారం మామ్మ నన్ను చెయ్యి పట్టుకుని గుడికి తీసుకెళ్లి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. జనం నన్ను చూసి ఆగారు, మామ్మ మొహం చూసి నోళ్లు మూసుకున్నారు. నేను వెళ్లి తిరిగొచ్చాననే అనుకున్నారు కాబోలు. ఎందుకొచ్చావని ఒక్కరూ అడగలేదు. అందరూ నా భుజం తట్టారు. ఒళ్లు బాగాలేనివాళ్లని తట్టినట్టు తట్టారు.

విమానాశ్రయంలో సామాను దగ్గర పని దొరికింది. జనవరిలో చేరొచ్చని అమ్మ అనేది. జనవరికి అద్దె పెరిగింది, నా జీతం ఇంటికి అలవాటైపోయింది. ఊళ్లో కాలేజీలో సాయంత్రాలు ఒకటీ అరా చదివాను. డిగ్రీకి ఇంకా కొన్ని సబ్జెక్టులు మిగిలే ఉన్నాయి.

కానీ నేను చెప్పాల్సింది అది కాదు. ఆ అక్టోబరులోనే, చెట్లింకా ఆకులు రాల్చకముందే, ఒక ఆదివారం ప్రెంటిస్ గుడికొచ్చాడు. వాళ్లమ్మ పక్కన, మొదటి వరసలో, కొత్త కోటు వేసుకుని కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక అందరూ చుట్టూ మూగారు. మిసెస్ హాలొవే నవ్వుతూ చెబుతోంది.

"తిండి పడలేదండీ మావాడికి. చలి కూడా ఎక్కువట. వచ్చెయ్ నాన్నా, ఏం పర్లేదు అన్నాం. జనవరికి అట్లాంటాలో ఇంకో కాలేజీ చూశారు వాళ్ల నాన్న. ఫోన్ చేస్తే సరే అన్నారు."

"పాపం, చిక్కిపోయాడు," అన్నారు ఆడవాళ్లు. ఎవరో వాడి బుగ్గ గిల్లారు. కట్టిన డబ్బేమైందని ఎవరూ అడగలేదు. వాడిని ఇంట్లో దాచాలని ఎవరికీ తోచనైనా తోచలేదు.

వాడు నన్ను చూసి జనాన్ని తప్పించుకుని వచ్చాడు. మొహంలో నిజమైన సంతోషం.

"నడీన్! నువ్వు కూడా వచ్చేశావా? నీకూ నచ్చలేదా?"

అమ్మ నా పక్కనే ఉంది. మా చుట్టూ ఉన్నవాళ్లంతా మాటలాపి నా నోటివైపు చూశారు. మామ్మ నన్నే చూస్తోంది.

"లేదు," అన్నాను. "నచ్చలేదు."

"నాకు తెలుసు! ఆ ఊళ్లే అంత," అన్నాడు ప్రెంటిస్ నా భుజం చరుస్తూ.

చుట్టూ జనం తేలిగ్గా నవ్వారు. నచ్చకపోవడం గౌరవమైన విషయం. పెద్దింటి పిల్లలకి వచ్చే జబ్బు. మామ్మ ఒక్కతే నవ్వలేదు.

బస్సులో ఇంటికి వస్తుంటే అమ్మ చాలా దూరం కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మా వీధి మలుపులో నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"మంచి మాట అన్నావే. ఇకనుంచి అలాగే చెబుదాం."

అలాగే చెబుతున్నాం. నా పెళ్లప్పుడు మా అత్తవారికి చెప్పాం. నా కూతురు అడిగితే దానికీ అదే చెప్పాను, మీ అమ్మ టెన్నెసీలో పెద్ద కాలేజీకి వెళ్లింది, నచ్చక వచ్చేసింది అని. అది ఇప్పుడు పన్నెండో తరగతి. మొన్న అదే కాలేజీ పేరు చెప్పి, అక్కడ నచ్చనిదేంటమ్మా అని అడుగుతోంది. ఏం చెప్పను? నేను ఇప్పటికీ ఆ ఊరు చూడలేదు.